కింది వీధి కరపత్రం

మా వైపు పల్లెల్లో అప్పట్లో మనిషిని పేరు అడగడానికి ముందే పార్టీ అడిగేవాళ్లు. అలాంటి కాలంలో నాకు ఉద్యోగం వచ్చింది. జమ్మలమడుగు నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక హైస్కూలుకు తెలుగు టీచరుగా వేశారు. మా తాత, మా నాన్న, ఇద్దరు మేనత్తలు అందరూ మిషన్ బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లే కాబట్టి, చదువు చెప్పడం మా రక్తంలోనే ఉందని నేను గట్టిగా నమ్మేదాన్ని. (రక్తం అనే మాట ఆ ఊళ్లో కాస్త చూసి వాడాలని తర్వాత తెలిసింది.) వయసు ఇరవై మూడు. మూడు కాటన్ చీరలు, ఒక గొడుగు, ప్రపంచంలో ఎవరినైనా మంచి వాక్యంతో మార్చవచ్చుననే ధీమా, ఇవీ నా సామాను.

ఊళ్లో పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. టీ అంగళ్లు రెండు, మంగలి షాపులు రెండు. పదో తరగతిలో బెంచీలు కూడా అదే లెక్క. మొదటిరోజు నేను పిల్లల్ని ఎత్తు ప్రకారం కూర్చోబెట్టాను. రెండో పీరియడ్ కల్లా ఎవరి వైపుకు వాళ్లు వెళ్లిపోయారు. మా హెడ్మాస్టరుది పులివెందుల. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "అమ్మా, సంధులు చెప్పు, సమాసాలు చెప్పు. వాటికి పార్టీల్లేవు. నవల దగ్గరికొచ్చేసరికి మాత్రం శానా మెల్లగా పో" అన్నారు. నేను నవ్వాను.

ఆ ఏడాది ఉపవాచకంగా ఉన్న చిన్న నవల, తమ్ముడి చేనికి కాలువ నీళ్లు వదలని ఒక అన్న కథ. తప్పు ఎవరిదని అడిగాను. పై వీధి బెంచీల నుంచి ఒకడు లేచి నీళ్లు వదలని అన్నదే తప్పన్నాడు. అంతే, కింది వీధి బెంచీలన్నీ ఒక్క గొంతుతో తమ్ముడిదే తప్పన్నాయి. (నవల చదివినవాళ్లు నలుగురైదుగురే. అభిప్రాయం లేనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.) ఆ గోల అణిగాక బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'ముందు ఎదుటివాళ్ల మాటను, వాళ్లు మెచ్చుకునేంత బాగా చెప్పు. ఆ తర్వాత నీ జవాబు చెప్పు.' ఒప్పించే వ్యాసానికి ఇదే ప్రాణమని నెలరోజులు పట్టి రుద్దాను. ఆ పద్ధతిని అందరికంటే బాగా పట్టుకున్నది కింది వీధి పార్టీని నడిపే పెద్దాయన మనవరాలు. హెడ్మాస్టరు ఆ పిల్లను వకీలు పాప అనేవారు. నీళ్లు వదలని అన్న తరఫున అర పేజీ ఎంత చక్కగా రాసిందంటే, నేనే కాసేపు అటువైపు వెళ్లిపోయి, తర్వాత పేజీలో మళ్లీ వెనక్కి వచ్చాను. పదికి తొమ్మిది వేశాను.

ఆ తొమ్మిదే కొంప ముంచింది. పంచాయతీ ఎన్నికలొచ్చాయి. పెద్దాయన కొడుకు, అంటే వకీలు పాప చిన్నాయన, సర్పంచికి నిలబడ్డాడు. పెద్దాయన, "కరపత్రం బయటోళ్లతో ఏంటికి? తొమ్మిది మార్కులు తెచ్చుకున్న పాప ఇంట్లో పెట్టుకోని?" అన్నాడట. పాప రాసింది. పెద్దాయనకు కళ్లలో పొర. చిన్నాయనకు ప్రచారం తొందర. ఎవరూ చదవకుండానే ప్రొద్దుటూరులో గులాబీ రంగు కాగితం మీద రెండు వైపులా అచ్చు వేయించి తెచ్చారు.

ముందు వైపు మొత్తం పై వీధి వాళ్ల గొప్పతనం. వాళ్లు ఊరికి తారు రోడ్డు తెచ్చారు. బోరింగు వేయించారు. కరువు ఏడాది పశువులకు గడ్డి తోలించారు. జవాబంతా వెనక వైపు ఉంది. కానీ కింది వీధి కుర్రాళ్లు ఉత్సాహంగా జిగురు పూసి కాగితాలన్నిటినీ గోడలకు అంటించారు. వెనక వైపు గోడలే చదువుకున్నాయి. మధ్యాహ్నానికి పై వీధి వాళ్లు ఇద్దరు వచ్చి, "ఇంగ నాలుగు కట్టలుంటే ఇయ్యండప్పా, మేము గూడా పంచుతాం" అని అడిగి పోయారట.

మర్నాడు మూడో పీరియడ్‌లో బడి ముందు జీపు ఆగింది. "పెద్దాయన రమ్మంటాండు, టీచరమ్మా" అన్నారు. హెడ్మాస్టరు నాకు తోడుగా బయలుదేరి, గేటు దాకా వచ్చి, బీపీ మాత్ర మర్చిపోయానని వెనక్కి వెళ్లారు. అంతకు రెండేళ్ల ముందు ఆ ఇంటి మీద బాంబులు వేశారు. అరుగు మీద ఆ మచ్చలు అలాగే ఉన్నాయి. వాటి మధ్యే పది పన్నెండు మంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. వాకిట్లో వకీలు పాప నిలబడి ఉంది.

"ఇదేంది టీచరమ్మా?" పెద్దాయన గులాబీ కాగితం ఎత్తి చూపించాడు.

"కరపత్రమండీ."

"ఆ మాత్రం నాకూ తెలుసు. ఎవురిదని అడుగుతాండా. మాదా, వాళ్లదా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనే మళ్లీ, "ఇట్ల రాయమని నువ్వే నేర్పిచ్చినావంట. పాప చెప్తాంది. నిజమేనా?" అన్నాడు.

మంచి వాక్యం మీద నమ్మకమున్న నేను ఆ రోజు చెప్పిన వాక్యం ఇది: "నేను చెప్పింది పరీక్షల కోసమేనండీ. పాప పొరబాటుగా అర్థం చేసుకున్నట్టుంది."

ఆ పిల్ల నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత తాతకు ఎదురుగా వెళ్లింది. "జేజినాయనా, నువ్వు ఎనక పక్క ఇన్లేదు. ఇనినంక తిట్టు" అని కాగితం లాక్కుని గట్టిగా చదివింది.

"అయినప్పటికీ, ఆ రోడ్డు పై వీధి చివరనే ఎందుకు ఆగిపోయింది? బోరింగు గొలుసు తాళంచెవి వాళ్ల ఇంట్లోనే ఎందుకు ఉంది? గడ్డి పంచేటప్పుడు ఆవులను కూడా ఏ పార్టీ అని ఎందుకు అడిగారు?"

అరుగు మీద ఎవరో, "కరెక్టే గదప్పా" అన్నారు. ఆవుల మాటకు ఇద్దరు నవ్వు కనబడకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన కాగితం మళ్లీ తన చేతిలోకి తీసుకుని రెండు వైపులా తిప్పాడు. "ఇదే ముందు పక్క ఏసింటే పోయేది గదా, పాపా?"

"వాళ్ల మాట ముందు చెప్తేనే గదా, జేజినాయనా, మన మాట వాళ్లు ఇనేది."

"వాళ్లు ఇనాల్నా!" అని పెద్దాయన ఆశ్చర్యపోయాడు. ఆ ఆలోచన ఆయనకు అంతకుముందెప్పుడూ వచ్చినట్టు లేదు. చివరికి కొడుకును పిలిచి, వెనక వైపు మాత్రమే మళ్లీ అచ్చు వేయించమన్నాడు. వాళ్లు ఉన్నదున్నట్టు వేయించారు. రెండో కరపత్రం 'అయినప్పటికీ' అనే మాటతో మొదలైంది. దేనికి అయినప్పటికీ అని ఊరంతా తల గోక్కుంది. ఎన్నికలయ్యేదాకా ఆ చిన్నాయనను పిల్లలు 'అయినప్పటికీ మామా' అని పిలిచారు. (గెలిచాడు లెండి. ఎవరు ఏ వైపు చదివి ఓటేశారో నాకు తెలియదు.)

నా సంగతి మాత్రం తేలలేదు. పెద్దాయన పిలిపించిన మర్నాడు బెల్లు కొట్టాక పాప తలుపు దగ్గర ఆగి, "టీచర్, నేను పొరబాటుగా అర్థం చేసుకున్నానా?" అని అడిగింది. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది. నేను చాక్‌పీసుల డబ్బా సర్దుతున్నట్టు నటించాను.

ఆదివారం జమ్మలమడుగు చర్చిలో ఆరాధన అయ్యాక ఇంటికి పోకుండా బడి ఉన్న ఊరి బస్సెక్కాను. చేతిసంచిలో మూడు పేజీల కాగితం. పెద్దాయనకు చెప్పవలసిన మాటలు, ఉపోద్ఘాతంతో, ఆయన వేయగల ప్రశ్నలతో, వాటికి జవాబులతో శనివారం రాత్రంతా కూర్చుని రాసుకున్నాను. అరుగు మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. నిలబడే మొదలుపెట్టాను.

"అలా రాయమని నేర్పింది నేనేనండీ. ఆ రోజు..."

"తెలుసులేమ్మా" అన్నాడు. "మా పాప అబద్ధం చెప్పదు. అంతమంది మొగోళ్ల మధ్యన నిలబెడితే నేనైనా అట్లనే అంటాంటి. కూచో, మజ్జిగ తాగిపో." పెరటి వైపు తల ఊపి, "ఆ మాట చెప్పాల్సింది నాకు గాదు. పెరట్లో ఉండాది, పో" అన్నాడు.

పాప వేరుశనక్కాయలు వొలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ కాసిని వొలిచి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేశాను. ఆ పిల్ల తల ఎత్తకుండానే, "మీకు భయమేసిందని తెలుసు టీచర్. నాకూ ఏసింది" అంది. కొంచెంసేపటికి తన చేటను నా వైపు జరిపింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో చెక్కుచెదరకుండా ఉన్న మూడు పేజీలూ తీసి, ఊరికే ఎందుకు పోవాలని చదువుకున్నాను. వాదన బాగానే నడిచింది, ముగింపు కొంచెం బరువైంది. నా వ్యాసానికి నేనే పదికి ఏడు వేసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు దిద్దితే రెండే వేస్తాను, అదీ చేతిరాతకు. ఆ ఏడు వేసుకుని కిటికీలోంచి గర్వంగా బయటికి చూస్తూ కూర్చున్న అమ్మాయిని తలుచుకుంటే మాత్రం, ఎర్ర సిరా పెన్ను పక్కన పెట్టాలనిపిస్తుంది.