వామిలో బీడీ వాసన

మా లీడింగ్ ఫైర్‌మన్ గురవయ్య ఎంత మంటకైనా ఎదురెళ్ళేవాడు గాని, కాయితం చూస్తే బెదిరిపోయేవాడు. మంట ఆర్పాక రాసే రిపోర్టులో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అక్కడికొచ్చేసరికి ఆయన పెన్ను మొరాయించేది. కాసేపు తల గోక్కుని, చివరికి 'ఆర్పని బీడీ ముక్క' అని రాసేవాడు. పూరిపాకకీ అదే, పత్తి కుప్పకీ అదే. "బీడీ అని రాస్తే ఎవరూ ఎదురు చెప్పరురా షబ్బీరూ, కాలిపోయాక అది ఎట్టాగూ కనపడదుగా" అనేవాడు. నేను ఫైరింజను డ్రైవర్ని. మనకెందుకొచ్చిన గొడవలే అని ఊరుకునేవాణ్ణి. అలా ఊరుకోవడం ఎంత తప్పో ఎనభై ఆరు మే నెలలో గాని తెలియలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కారంపూడి అవతల ఒక ఊళ్ళో గడ్డివామి అంటుకుందని ఫోనొచ్చింది. మేం పోయేసరికి ఊరివాళ్ళే కాలవకి ఆయిలింజను పెట్టి నీళ్ళు కొట్టి, సగం వామి దక్కించుకున్నారు. మంటయితే ఆరింది గాని జనం ఆరలేదు. వామి ఆసామి కోటయ్య తన పాలేరు జాన్ సాహెబ్‌ని ఎద్దులబండి చక్రానికి కట్టేయించాడు. పోలీసులకి కబురు కూడా పోయింది.

"నాలుగు రోజుల్నించీ వామి కాడ ఒకటే బీడీ వాసన. ఎన్ని తిట్లు తిట్టినా ఇంటేనా?" అని కోటయ్య భార్య నాగేంద్రమ్మ అందరికీ చెబుతోంది.

అది రంజాన్ నెల. పొద్దు గుంకేదాకా రోజా ఉపవాసం ఉండేవాడు పగలు బీడీ ఎలా తాగుతాడు? నేను పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. యాభై దాటిన మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"తాగలేదనే నాలుగు రోజులూ చెప్పా బేటా. ఇయ్యాల వామి నీడన కన్నంటుకుంది. లేచేసరికి పొగ. ఆ వాసన నాకూ వచ్చింది. ముప్పై ఏళ్ళ అలవాటు గదా, నిద్రలో చెయ్యే ముట్టించిందేమో! అంతమంది అంటుంటే నేనే అయ్యుంటాననిపించి ఒప్పేసుకున్నా" అన్నాడు.

నాకు మతిపోయింది. చేశానో లేదో తనకే తెలియని పనిని ఒప్పుకునేవాణ్ణి చూడటం అదే మొదటిసారి.

అంతలో గురవయ్య రిపోర్టు కాయితం తీశాడు. "వాడే ఒప్పుకున్నాడంటగా, రాసేస్తే పోద్ది." నాకు ఒళ్ళు మండింది. "అన్నా, ఇన్నాళ్ళూ నువ్వు రాసిన బీడీలకి పేరు లేదు. దీనికి మనిషి కట్టేసి ఉన్నాడు. జైలుకి పోతాడు. ఒక్కసారి చూసి రాయి" అన్నాను. "తమ వాడని ఎనకేసుకొస్తన్నాడు" అని జనంలోంచి ఎవరో అన్నారు. గురవయ్య ఆ మాట విన్నాడు, నా మొహం చూశాడు, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

మిగిలిన సగం వామి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. జాన్ సాహెబ్ పడుకున్న వైపు అడుగు గడ్డి చెక్కుచెదరలేదు. కొక్కెంతో లాగితే నడిమధ్యలో బొగ్గు, దాని చుట్టూ కాఫీపొడి రంగు తిరిగిన గడ్డి, బయటేమో మామూలు గడ్డి.

"ఇదేందిరా! బీడీ అయితే ముందు బయట కాలాల. లోపలికెట్టా పోయింది? చీమలు మోసుకుపోయినయ్యా?" అంటూ ఆ కాఫీరంగు గడ్డి వాసన చూసి నాకందించాడు. అచ్చం పొగాకు వాసన. "చూశారా, బీడీయే!" అని జనం ఎగిరారు. ఆయన ఇంకా తికమకపడ్డాడు. నేనూ అంతే.

"వామి ఎప్పుడేశారు?" అని కోటయ్యని అడిగాడు.

"మూడు వారాలైంది. అప్పుడు పడ్డ వాన ఎలిసిన మర్నాడే. పైపైన ఆరిందిలే అని తొక్కించి ఏశాం. అదిగో, ఆ రెండోది గూడా ఆ రోజుదే."

గురవయ్య రెండో వామి వైపు నడిచాడు. "తడి వడ్లు రాశి పోస్తే కాక పుడతది గదా" అని గొణిగాడు. మరి గడ్డికి పుడుతుందో లేదో ఆయనకీ తెలియదు. ఒక పొడుగాటి గునపం తెప్పించి ఆ వామిలోకి నిలువునా దిగ్గొట్టాడు. అరగంట సేపు ఎండలో అందరం నిలబడ్డాం. ఆ తర్వాత గునపం లాగి, "పట్టుకో కోటయ్యా" అన్నాడు.

కోటయ్య పట్టుకుని, "అబ్బా!" అని అవతల పారేశాడు. గునపం దిగిన బొక్కలోంచి ఆవిరి, దాంతోపాటు ఘాటుగా పొగాకు వాసన. నాగేంద్రమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదే... నాలుగు రోజుల్నించీ వచ్చే వాసన ఇదే" అంది.

నేను నీళ్ళగొట్టం పట్టుకుని సిద్ధంగా ఉంటే మావాళ్ళు ఆ వామిని విప్పారు. నడుమ గడ్డి నల్లబడి పొగలు కక్కుతోంది. ఇంకో రోజు ఆగితే అదీ అంటుకునేదే. కోటయ్యే వెళ్ళి జాన్ సాహెబ్ కట్లు విప్పాడు.

'తడిగడ్డి లోపల్లోపల కాగి, తనంతట తానే అంటుకుంది' అని గురవయ్య రాశాడు. రాశాక కాయితం వంక ఇంకోసారి చూసుకున్నాడు. "ఇప్పటిదాకా రాసిన బీడీల్లో ఎన్ని నిజమోరా షబ్బీరూ!" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి, ఇందాక కసిరినందుకు నాకు సిగ్గేసింది.

నాగేంద్రమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి జాన్ సాహెబ్ చేతికిచ్చింది. ఆయన నోటిదాకా ఎత్తి, ఆగి, నా వైపు తిరిగాడు.

"అయితే నేను తాగలేదన్నమాటేగా బేటా? నా రోజా చెడలేదుగా?"

"చెడలేదు చాచా" అన్నాను.

పొద్దు గుంకడానికి ఇంకా రెండు గంటలుంది. ఆయన చెంబు కింద పెట్టేశాడు.