లైను అనే మాటా, మా అత్త చుట్టిన తాడూ

నాకు నిక్కరు నడుమున నిలవని వయసు... మైపాడు ఒడ్డున తెల్లారేసరికి అలివి వల లాగేవాళ్ళు. పడవ వెళ్ళి వలను సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి వచ్చేది. దాని రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డు మీద నుంచి ఊరంతా లాగడమే. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ చేపల్లో వాటా... అది మా రేవు కట్టుబాటు. నాకూ దోసెడు కవళ్ళ చేపలు వచ్చేవి.

తాడు అన్నాను గదా, ఇక్కడ కాస్త పక్కకు పోతాను, అలవాటైపోయింది... నెల్లూరులో పాత పుస్తకాల కొట్లో కొన్న ఇంగ్లీషు నిఘంటువే నా కాలేజీ. అందులో 'లైను' దగ్గర ఒక పూటంతా ఆగిపోయాను. లాటిన్‌లో అవిసె మొక్క పేరు నుంచి పుట్టిందట ఆ మాట. మొదట్లో లైనంటే అవిసె నార దారమే! దాన్ని బిగలాగి గీస్తే గీత అయింది. మనుషుల్ని నిలబెడితే వరుస అయింది. ఆనక రైలు లైను, కరెంటు లైను, 'లైన్లో ఉండండి' అంటూ పాట వినిపించే ఫోను లైను... మా మనవడు ఆడపిల్లల కాలేజీ ముందు వేసే లైను సంగతి నిఘంటువులో లేదు, ఉన్నా మీకు చెప్పను.

దారంగా పుట్టిన మాట అని చదవగానే మా మేనత్త పోలేరమ్మ గుర్తొచ్చింది...

అత్తకు చూపు పోయింది. మామ లేడు, పిల్లల్లేరు. లాగే బలమూ లేదు. అందుకని వల యజమాని సుబ్బన్న ఆమెను తాడు చివర కూర్చోబెట్టాడు. మేం లాగేకొద్దీ వచ్చిపడే తడి తాడును ఆమె తడుముకుంటూ చుట్ట చుట్టేది. మర్నాడు పడవలోంచి చిక్కుపడకుండా జారాలి గదా! ఆమెకూ అందరితో సమానంగా వాటా.

"అక్కా, వల యాడిదాకా వచ్చిందో కనబడతా ఉందా?" అని ఏడిపించేవాడు సుబ్బన్న.

"నీ మొగం కనబడకుండా చేసినాడు దేవుడు, అదే చాల్లే. లాగరా సచ్చినోడా!"

ఒడ్డంతా నవ్వులు...

తర్వాత మర పడవలు వచ్చాయి. చేప ఒడ్డుదాకా రావడం మానేసింది. వల లాగితే నాచు తప్ప ఏమీ లేదు. సుబ్బన్న వల అమ్మేసి ఒక మర పడవలో కూలికి చేరాడు. అత్త మాత్రం తెల్లారగానే వచ్చి అదే చోట కూర్చునేది.

ఒకరోజు సుబ్బన్న తన కూలి చేపల్లోంచి కొన్ని తీసి ఆమె ఒళ్ళో పోశాడు.

"ఏందిరా ఇది?"

"నీ వాటా అక్కా."

"తాడేదిరా? తాడు పట్టకుండా వాటా ఏంది? అడుక్కునేదాన్ని చేసినావురా నన్ను..."

ఒడి దులిపేసింది. ఇసుకలో పడ్డ చేపల్ని కాకులు ఎత్తుకుపోయాయి. ఆ తర్వాత ఎవరు గంజి పోసినా అత్త ముట్టీ ముట్టనట్టే ఉండేది. ఆ ఏటి వానలకే పోయింది. జబ్బేమీ కనిపించలేదన్నాడు డాక్టరు.

ఇప్పుడా చుట్టుపక్కలంతా రొయ్యల గుంటలు, వాటి చుట్టూ కంచెలు... నేనూ ఎవరూ పనికి పిలవని వయసుకు వచ్చాను. పింఛను ఇస్తున్నారు, బియ్యం ఇస్తున్నారు. అత్తకున్న రోషం నాకు లేదు, తింటున్నాను...

చేతకాని మనిషికి కూడా ఒక పని చూపించి, అందరితో సమానంగా కూడు పెట్టే కట్టుబాటు మీ ఊళ్ళో ఎక్కడైనా మిగిలుందా? ఉంటే కింద రాయండి. లేకపోతే... అబద్ధమైనా సరే, ఒకటి రాయండి.