ఆమె దుఃఖంతో వేసిన వేషం

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను నకరికల్లు దగ్గర ఒక పల్లెలో మిషన్ బడి పంతులుగా ఉండేవాణ్ణి. మీసం సరిగా రాని ముఖం కావడంతో నాటకాల్లో ఆడవేషాలన్నీ నాకే వచ్చేవి.

ఒక వేసవిలో మూడేళ్ల మా పాప కలరాతో పోయింది. అప్పుడు నేను పరీక్షల పనిమీద గురజాలలో ఉన్నాను. కబురంది వచ్చేసరికి పూడ్చిపెట్టేశారు. మా ఆవిడ ఏడవలేదు. పాప గౌను ఉతికి, పిండి, ఆరేసింది. ఆరాక తీసి మళ్లీ ఉతికింది. వారం రోజులు అదే పని. నేను అరుగుమీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నాకూ ఏడుపు రాలేదు.

కోతలయ్యాక చర్చి ఆవరణలో పగటిపూట నాటకం పెట్టారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషం నాది. రిహార్సల్లో నేను పద్యం ఎత్తుకుని గుండెలు బాదుకుంటుంటే హెడ్మాస్టరు ఆపేశాడు.

“ఏందయ్యా ఆ అరుపులు? నువ్వూ బిడ్డను పోగొట్టుకున్నోడివేగా. ఆ బాధేమైంది?”

నాటకం రోజున పద్యం పాడలేదు. నీళ్ల గంగాళం ముందు కూర్చుని చిన్న గుడ్డ ఉతికాను, పిండాను, విప్పి చూసి మళ్లీ ముంచాను. హార్మోనియం ఆగిపోయింది. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వాళ్ల మధ్య నుంచి మా ఆవిడ లేచి వెళ్లిపోవడం కనిపించింది. చూసి కూడా ఇంకోసారి పిండాను.

ఇంటికి వెళ్లేసరికి ఆమె పొయ్యి ముందు ఉంది.

“చానా బాగా చేసినావంట,” అంది. పొయ్యిలో పుల్ల ఎగదోసి, “ఏడవాలనుకుంటే నీ ఏడుపు ఏడవాల్సింది. నాది పట్టుకపోయి ఊరందరికీ ఎందుకు చూపిచ్చినావు?” అంది.

నాదంటూ ఏమీ దొరకలేదని ఆమెతో ఎలా చెప్పను?

అయినా మెప్పు రుచి మరిగాను. నెల తిరక్కుండా అదే నాటకం ఆడటానికి మాచర్ల వెళ్లాను. చేతులు గుడ్డ పిండుతున్నాయి, జనం వెక్కివెక్కి ఏడుస్తున్నారు, నేను తిరుగు రైలు అందుతుందో లేదోనని ఆలోచిస్తున్నాను. అయిపోయాక ఒక ముసలామె వచ్చి నా చేతులు పట్టుకుంది. “ఎంత కడుపుకోత పడ్డావో నాయనా!” నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇక వేషం కట్టనని ఇంట్లో చెప్పాను. “నీ ఇష్టం,” అంది మా ఆవిడ. తర్వాత మాకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. పొరుగు పిన్నమ్మలతో ఆమె పాప ముచ్చట్లు చెప్పుకునేది. నేను గుమ్మంలోకి రాగానే మాట మార్చేది.