అక్క వాయించిన ఎఫ్ స్వరం

యుద్ధం రోజుల్లో నేను సిద్దిపేట మిషన్ బడిలో పంతులమ్మను. బడిలో ఉన్న ఒకే ఒక్క పియానో పుస్తకానికి చెదలు పట్టాయి. ఓడల మీద కొత్త పుస్తకాలు వచ్చే ఆశ లేదు. అందుకని దాన్నంతా చేత్తో తిరగరాసే పనిని, బడి నడుపుతూ పియానో నేర్పే దొరసానమ్మ నాకు అప్పగించింది. నాకు కాక ఇంకెవరికి ఇస్తుందిలే అనుకున్నాను. అంత పొగరుండేది నాకు.

నిజానికి మొదట పియానో నేర్చుకున్నది అక్క. నేను పక్కన నిలబడి కాగితాలు తిప్పేదాన్ని. నా పదకొండో ఏట ఒకరోజు అక్క ఒకచోట ఎఫ్ స్వరాన్ని మామూలుగా వాయించింది. దొరసానమ్మ అక్కడ ఎప్పుడూ అర మెట్టు పైకి వాయించేది. "తప్పు!" అని అరిచింది నేనే. అక్క మళ్లీ అలాగే వాయించింది. మూడోసారీ అంతే. ఈ పిల్లకు చెవి లేదని దొరసానమ్మ ఆమెను పియానో ముందు నుంచి లేపి నన్ను కూర్చోబెట్టింది. తర్వాత అక్క నాట్లకు, కలుపులకు పోయింది. నాకు చదువూ ఉద్యోగమూ వచ్చాయి.

తిరగరాయడం చూసినంత సులువు కాదు. స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తు ఒకసారి వేస్తే దాని బలం పక్కనున్న నిలువు గీత దాకానే. గీత దాటితే మళ్లీ వెయ్యాలి. అచ్చువేసినవాళ్లు మరిచిపోయి ఉండవచ్చు, చెదలు తినేసి ఉండవచ్చు. అనుమానం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుని, అక్కడే ఎడమ చెయ్యి ఏం వాయిస్తోందో చూసేదాన్ని. అదే వరుస ఇంకో పేజీలో వస్తే దానితో పోల్చేదాన్ని. చాలావరకు అలాగే తేలిపోయాయి.

తిరగరాస్తూ, అక్కను పియానో ముందు నుంచి లేపిన ఆ ఎఫ్ స్వరం దగ్గరికి వచ్చాను. గీతకు ముందు షార్ప్ ఉంది, దాటాక లేదు. ఎడమ చేతిలో ఆ స్వరమే లేదు. "అచ్చులో పోయింది, పెట్టెయ్" అంది దొరసానమ్మ. పెట్టేశాను. అయినా ఎందుకో టిక్కు మాత్రం చెరపలేదు. సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో వాయించే ఆవిడ దగ్గర అదే పాట వేరే అచ్చులో ఉందని తెలిసి, బస్సులో తెప్పించాం.

అది వచ్చిన రోజు మధ్యాహ్నం బడి వదిలాక ఆ పేజీ తీశాను. గీత దాటగానే ఎఫ్ ముందు నేచురల్ గుర్తు, అంటే ఇక్కడ పెంచొద్దని, నల్లగా స్పష్టంగా అచ్చయి ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అక్కడే ఉంది. దొరసానమ్మకు చూపిస్తే ఆమె ముఖం పాలిపోయింది. "ముప్పై ఏళ్లుగా తప్పే వాయిస్తున్నానా!" అంది. ఆమె మీద నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే నంగునూరులో ఉన్న అక్క దగ్గరికి పోయాను. వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"అక్కా, గప్పుడు నువ్వు వాయించిందే సరైంది. ఇంకో పుస్తకంల సూసిన. తప్పు మాదే" అన్నాను.

చాట ఆగలేదు. "నాకెర్కనే" అంది.

"ఎర్కుంటే గప్పుడే ఎందుకు చెప్పలే?"

అప్పుడు చాట కింద పెట్టి నా వైపు చూసింది.

"ఎందుకు చెప్పలే? గీత దాటినంక గుర్తు లేదమ్మా అని ఏలు పెట్టి సూపెట్టిన. దొరసానమ్మ ఇనకపాయె. చెల్లె, నువ్వన్న సూడే అని నిన్ను పిలిచిన. నువ్వు నవ్వినవు."

ఎంత తలుచుకున్నా ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుకు రాదు.