కింది మడివాళ్లకు చెప్పాల్సిన మాట

మా ఊరు కాలువకు చిట్టచివర. పైవాళ్ల పొలాలన్నీ తడిశాకే మాకు నీళ్లు. ఆ ఏడు నాట్లప్పుడు వాన లేదు. వారానికొక వంతు వచ్చేది. మా మడి నిండాక మిగిలిన నీళ్లు గట్టుకున్న గండిలోంచి కింది మడికి వదలడం మొదట్నుంచీ ఉన్న వాడుక. ఆ ఏడు నాన్న ఆ గండిని గడ్డీ బురదా కూరి బిగించేశాడు. కింది మడి మావ రెండుసార్లు వచ్చి అడిగాడు. మళ్లీ వంతు ఎప్పుడొస్తుందో అంటూ నాన్న మాట దాటేశాడు. చివరికి మావ నీళ్ల ఇంజన్ అద్దెకు తెచ్చి, పొలం పక్క గోతిలో నీళ్లు తోడుకుని నాట్లు కాపాడుకున్నాడు. అదంతా నేను డైరీలో రాసుకున్నాను. నాన్నతో మాత్రం ఏమీ అనలేదు.

వరి వెన్నులు బరువెక్కి వంగే రోజుల్లో వాయుగుండం పట్టింది. మూడు రోజులు తెరిపి లేదు. మా మడిలో నీళ్లు వెన్నులను తాకాయి. ఇంకొక్క రోజు నిలిస్తే పంట పడిపోయి మొలకలొస్తాయి. గండి కొట్టాలి. కిందివాళ్లకు చెప్పకుండా కొట్టకూడదు. నాన్న పార పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు, లేవలేదు.

"నువ్వెళ్లి సెప్పవే. ఆడపిల్లవి, నిన్నేటీ అనడు," అన్నాడు నాకేసి చూడకుండా.

తెలిసినవాళ్ల ముందు కూడా నాకు మాట పెగలదు. ఆ ఒక్క మాటను నాలుగు రకాలుగా కూర్చుకుంటూ గొడుగు కింద నడిచాను. వాళ్ల చూరు కిందికి చేరేసరికి ఒక్కటీ గుర్తులేదు. ఎంతసేపు నిలబడ్డానో. చివరికి మావే బయటికొచ్చాడు.

"ఏటే గుంటా, అలా తడుస్తన్నావు?"

గండి, అన్నాను. అంతకుమించి రాలేదు.

"నీరు లేనప్పుడు సుక్క వొగ్గనేదు మీ నాన్న. ఇప్పుడు సెరువంతా నాకే ఇస్తన్నాడేటి?"

ఆయన గొంతులో కోపం లేదు. నిద్రలేని మనిషిలా గోడకు జారబడ్డాడు.

"కొట్టుకోమను. మాది నిన్ననే ములిగిపోనాది."

తిరిగొచ్చి చెబితే నాన్న లేచాడు. నేనూ వెంట వెళ్లాను. బిగించిన గడ్డి ఊడదీయడానికి చాలాసేపు పట్టింది. గండి తెరుచుకుంది. నీళ్లు మాత్రం కదల్లేదు. గట్టుకు అటూ ఇటూ మట్టం ఒక్కటే.




నాన్న పార నీళ్లలో ఆనించి అలాగే నిలబడ్డాడు. ఇంటికి పోదామని నేనే అనాల్సి వచ్చింది.