తొందరపడని బీపీ మిషన్

చరిత్రలో పంతాలకు కొదవ లేదు. పంతానికి పోయి రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, పంతానికి పోయి కొత్త తీరాలు కనుక్కున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద పండితులు లావుపాటి గ్రంథాలు రాశారు. ఆ గ్రంథాల్లో చోటు దక్కలేదు గానీ, ఏ చక్రవర్తి పంతానికీ తీసిపోని పంతం ఒకటి ఒక చిన్న ఆసుపత్రిలో ఏళ్ల తరబడి నిరాటంకంగా సాగింది. అక్కడి పెద్ద డాక్టరుగారు తన ఆసుపత్రిలోకి రెండో బీపీ మిషన్‌ను అడుగు పెట్టనివ్వలేదు.

ఉన్న ఒక్క మిషనూ వరండా చివరి గదిలో ఉండేది. పాదరసం గొట్టం, రబ్బరు బంతి, రంగు వెలిసిన పట్టీ. ఆ గదిలో ఒక కౌన్సెలర్ మేడమ్ కూర్చునేది. దిగులుతోనో, నిద్ర పట్టకో, తాగుడు మానలేకో సతమతమయ్యేవాళ్లతో మాట్లాడటానికి ప్రత్యేకంగా చదువుకుని వచ్చిన మనిషి. పై ఆఫీసువాళ్లు ఆవిణ్ణి ఆ పనికే పంపారు. డాక్టరుగారు ఆవిడకు గది ఇచ్చారు, బల్ల ఇచ్చారు, మర్నాడు బీపీ మిషన్‌ను మోసుకొచ్చి ఆ బల్ల మీద పెట్టి, "ఇకనుంచి ఇది కూడా మీ దగ్గరే ఉంటుందమ్మా" అన్నారు. ఆవిడ ఆయన మొహం వంక ఒక క్షణం చూసి, "అలాగేనండీ" అంది.

"అంత చదువు చదివినావిడ చేత బీపీలు చూపిస్తారా!" అని తల కొట్టుకుంది హెడ్ నర్సు. అందరూ సిస్టర్‌గారు అని పిలిచే ఈవిడ చేతిమీదుగానే ఆసుపత్రి నడిచేది. పని చకచకా జరగాలి, వరుస కదలాలి, మధ్యాహ్నానికి బెంచీలు ఖాళీ కావాలి. ఇవీ ఆవిడ ఆశయాలు. వాటికి అడ్డంగా ఆ గదీ, ఆ మిషనూ, ఆ డాక్టరుగారూ.

ఎందుకంటే డాక్టరుగారి శాసనం ఒకటుంది. ప్రాణం మీదికొచ్చిన కేసయితే సరే, లేదంటే పెద్దవాళ్లు ఎవరొచ్చినా, దేనికొచ్చినా, ముందు చివరి గదికెళ్లి బీపీ చూపించుకు రావాలి.

ఒకసారి వడ్రంగి వేల్లో చెక్కపేడు గుచ్చుకుని వచ్చాడు.

"ముందు బీపీ" అన్నారు డాక్టరుగారు.

"పేడు వేల్లో ఉందండీ. మీరేమో భుజానికి పట్టీ కట్టిస్తానంటారు."

"ఆ వేలు ఎక్కడుందయ్యా? భుజానికే కదా వేలాడుతోంది?"

వడ్రంగి తన చెయ్యి పైనుంచి కిందికి ఒకసారి చూసుకుని, చివరి గదికి నడిచాడు.

ఇంకోసారి చెవిలో గుబిలి పేరుకున్న మంగలి వచ్చాడు. ముందు బీపీ చూపించుకోమన్నారు. "ఏమిటీ?" అన్నాడు. "బీపీ!" అని అరిచారు. "వినబడటం లేదనే కదండీ వచ్చిందీ!" అని అతనూ అరిచాడు. ఈ సంభాషణ వీధి దాకా వినిపించింది, అతనికి తప్ప. చివరికి సిస్టర్‌గారే రెక్క పట్టుకుని తీసుకెళ్లి గదిలో దింపింది.

పోనీ బీపీ చూడటమైనా గబగబా అవుతుందా అంటే, అదీ లేదు. కొందరు లోపలికెళ్లినట్టే వెళ్లి వచ్చేసేవారు. కొందరు వెళ్తే ఇక రారు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, ఏమన్నా తాగే అలవాటుందా, మనసు బాగుంటోందా అని మేడమ్ అందర్నీ అడిగేది. ఏ ప్రశ్న దగ్గర ఎవరు ఆగిపోతారో ఎవరికి తెలుసు? బయట వరుస మాత్రం అలాగే ఉండేది.

"ఏమిటండీ ఈ ఆలస్యం?" అని సిస్టర్‌గారు నిలదీస్తే, "పాత మిషన్ కదండీ, నిదానంగా పనిచేస్తుంది" అనేవారు డాక్టరుగారు.

వర్తక సంఘంవాళ్లు జాలిపడి ఒక కొత్త మిషన్ బహూకరించారు. మీట నొక్కితే చాలు, అదే బిగుసుకుని, అదే వదులై, అంకెలు చూపించి, కీచుమని కూస్తుంది. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు తీశారు. డాక్టరుగారు తన చేతికే పెట్టించుకుని చూశారు. తల అడ్డంగా ఊపారు.

"ఇది తొందరపడుతోందండీ" అన్నారు.

"తొందరపడటం ఏమిటండీ?" సంఘం అధ్యక్షుడు తెల్లబోయాడు.

"అర నిమిషంలో మనిషి సంగతి తేల్చేసింది. దీనికి మనిషంటే గౌరవం లేదు."

మర్నాటికల్లా ఆ మిషన్ వృద్ధాశ్రమానికి చేరిపోయింది. తరవాత వచ్చినవాటి గతీ ఇంతే. ఒకదాని రంగు నచ్చలేదు. ఒకదాని కూత నచ్చలేదు. ఒకటి ఏ లోపమూ లేకుండా వచ్చింది. లోపం లేని వస్తువును నమ్మలేనన్నారు.

బోర్డు సంగతి ఇంకా విచిత్రం. 'మానసిక చికిత్స, మద్యపాన విముక్తి విభాగం' అని ఎర్రటి అక్షరాలతో, తలుపంత బోర్డు ఒకటి పై ఆఫీసునుంచి వచ్చింది. చివరి గది గుమ్మం మీద పెట్టాలి. డాక్టరుగారు స్వయంగా స్టూలెక్కి గోడను వేళ్లతో కొట్టి చూసి, "ఈ గోడ మేకును పట్టదు" అని తీర్పు చెప్పారు. ఆ గోడకే క్యాలెండరూ, గడియారమూ, మంటలార్పే ఎర్ర సిలిండరూ వేలాడుతున్నాయి. బోర్డు మాత్రం అక్షరాలు కిందికి పెట్టి నీళ్ల తొట్టికి మూతయింది.

దాని మీద ఫిర్యాదు వెళ్లి తనిఖీ అధికారి వచ్చాడు. "బోర్డేదీ? రెండో మిషనేదీ? ఇది ఆసుపత్రా, మీ ఇల్లా?" అని గుమ్మంలోనే ఎగిరిపడ్డాడు. డాక్టరుగారు ఆయన మొహం వంక పరిశీలనగా చూసి, "మీకు ఒకసారి బీపీ చూడాలండీ" అన్నారు. అధికారి విసవిసా చివరి గదిలోకి వెళ్లాడు. బెంచీల మీద వాళ్లు ఒళ్లు విరుచుకునేంత సేపటికి గానీ రాలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చాడు. తనిఖీ ఊసెత్తకుండా, "వచ్చే వారం కూడా ఇక్కడ బీపీ చూస్తారా?" అని మాత్రం అడిగి వెళ్లాడు.

సిస్టర్‌గారికి ఒక తమ్ముడున్నాడు. బస్సు డ్రైవరు. మంచివాడు, పనిమంతుడు, సాయంత్రమైతే తాగేవాడు. డిపోలో పొద్దున్నే, తాగి వచ్చారేమో చూడటానికి, గొట్టం ఊదిస్తారు. ఒకసారి పట్టుబడ్డాడు. మళ్లీ పట్టుబడితే స్టీరింగ్ ఉండదని మేనేజరు మొహం మీదే చెప్పాడు. స్టీరింగ్ తప్ప వాడికి ఇంకో పని రాదు.

"ఒరేయ్, ఊరవతల తాగుడు మాన్పించే ఆసుపత్రి ఉంది కదరా, వెళ్లు" అని ఆవిడ బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది.

"అక్కా, దాని గేటు ముందు నా బస్సుకే స్టాపుంది. అక్కడ ఎవరు దిగినా బస్సంతా మెడలు చాచి చూస్తుంది. అంతెందుకు, అద్దంలో నేనూ చూస్తాను. అక్కడ నేను దిగుతానా?"

"పరువుకు పోతావా? ఉద్యోగం పోతే పరువుంటుందా?"

"ఆ గేట్లోకెళ్తే రెండూ ఒకేసారి పోతాయి."

అలాంటివాడు ఒక మంగళవారం, తన సెలవు రోజున, నడుం పట్టేసిందని అక్క ఆసుపత్రికే వచ్చాడు. డాక్టరుగారు నడుం వంక చూడనైనా చూడకుండా "ముందు బీపీ" అన్నారు. వాడు వరుసలో కూర్చుని గదిలోకి వెళ్లాడు. చాలాసేపటికి బయటికొచ్చి, నడుంనొప్పి మాత్రలూ, వాటితోపాటు డాక్టరుగారు రాసిన ఇంకేవో మాత్రలూ ఒకే పొట్లంలో కట్టించుకుని వెళ్లాడు. అది మొదలు ప్రతి మంగళవారమూ వచ్చేవాడు.

"ఏంరా, మళ్లీ?"

"బీపీకి అక్కా. జాగ్రత్తగా చూసుకోమన్నారు."

వాడికి ఒంటి మీద శ్రద్ధ కలిగినందుకు ఆవిడ మురిసిపోయింది. క్రమంగా తాగుడూ తగ్గింది. గొట్టం ఊదితే గాలి తప్ప ఇంకేమీ రావటం లేదని మరదలు ఫోన్లో చెప్పింది. ఇదంతా తన తిట్ల ప్రభావమేనని సిస్టర్‌గారు తేల్చుకుంది. ఆ ఉత్సాహంలో ఇంకా బాగా తిట్టింది కూడా.

ఇలా ఉండగా డాక్టరుగారు ఏదో శిక్షణకని వారం రోజులు వేరే ఊరెళ్లారు. సిస్టర్‌గారు ఎదురుచూస్తున్న అదను అదే. పై ఆఫీసులో పనిచేసే పెద్దమ్మ కూతురితో మాట్లాడి ఒక కొత్త బీపీ మిషన్ తెప్పించింది. వరండాలో బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, మిషన్‌ను ప్రతిష్ఠించింది. ఆ మంగళవారం పొద్దున్న గొంతెత్తి ప్రకటించింది:

"బీపీ ఇక్కడే! చూపించుకున్నవాళ్లు నేరుగా డాక్టరు దగ్గరికెళ్లండి! కౌన్సెలింగ్ కావాల్సినవాళ్లు మాత్రం ఆ చివరి గదిలోకెళ్లండి!"

మిషన్ కూసింది, వరుస కదిలింది. కాఫీ వేళకు బెంచీలు సగం ఖాళీ. ఆసుపత్రి పుట్టాక ఇంత వేగం ఎవరూ ఎరుగరు. పెద్ద డాక్టరుగారి బదులు వచ్చిన కుర్ర డాక్టరు, "శభాష్ సిస్టర్!" అన్నాడు. ఆవిడ నడకే మారిపోయింది.

చివరి గది తలుపు మాత్రం తెరిచే ఉంది. లోపల మేడమ్ ఒక్కతే కూర్చుంది. వారం వారం వచ్చే కూరగాయలావిడ ఆ తలుపు వంక చూసింది, బెంచీ మీద వాళ్లు తన వంక చూడటం చూసింది, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. బడి పంతులుగారు తలుపు దాకా వెళ్లి, గడియారం చూడటానికే వచ్చినట్టు గడియారం చూసి వెనక్కి తిరిగారు.

తమ్ముడొచ్చాడు. వరండాలో బల్ల చూశాడు. గది వంక చూశాడు. చెయ్యి చాపి బీపీ చూపించుకున్నాడు.

"నార్మల్‌రా, బంగారంలా ఉంది!" అంది అక్క.

"అయితే వెళ్తానక్కా."

"వెళ్లు. చూశావా, నిమిషంలో పనైపోయింది!"

శుక్రవారం పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది.

"వదినా, మళ్లీ మొదలైంది. డ్యూటీకెళ్తే గొట్టం ఊదాలని, కడుపునొప్పని పడుకున్నారు. ఎల్లుండి కూడా వెళ్లకపోతే మేనేజరు మనిషిని పంపిస్తాడు."

"మొన్న మంగళవారం కూడా బాగానే ఉన్నాడే!"

"ఆ రోజే వదినా. ఎప్పుడూ ఆసుపత్రినుంచి మధ్యాహ్నానికి గానీ రారు కదా? మొన్న వెళ్లినట్టే వెళ్లి వచ్చేశారు. బీపీ నార్మలే, ఇక పనిలేదన్నారు. సాయంత్రం చూస్తే సీసా."

సిస్టర్‌గారు ఫోన్ పెట్టేసి వరండాలోకి చూసింది. కూరగాయలావిడా, పంతులుగారూ, కళ్లజోడు తుడుచుకున్న అధికారీ వరసగా గుర్తొచ్చారు. పేడు గుచ్చుకున్న వడ్రంగీ, వినబడని మంగలీ గుర్తొచ్చారు. వాళ్లందరూ ఆ గుమ్మం దాటబట్టే కదా, ఎవరు దేనికి దాటారో ఎవరికీ తెలియలేదు! ఈసారి ఆవిడ తల కొట్టుకోలేదు. కొట్టుకోవలసిన అవసరం నిజంగా వచ్చింది మాత్రం ఇప్పుడే.

తెల్లగుడ్డతో సహా మిషన్‌ను మూట కట్టి బీరువాలో పెట్టి, తమ్ముడింటికి వెళ్లింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్లు నాలిక దాకా వచ్చాయి. మింగేసింది.

"ఒరేయ్, ఆ కొత్త మిషన్ తప్పులు చూపిస్తోందిరా. నీకు మళ్లీ బీపీ చూడాలి."

"ఎక్కడ? వరండాలోనా?"

"కాదు, గదిలో. పాత మిషన్‌తోనే."

"నా ఒక్కడికేనా?"

"అందరికీరా. పేడు గుచ్చుకున్నా సరే, అందరికీ."

వాడు ఇటు తిరిగాడు. "దాంతో చాలాసేపు పడుతుందక్కా."

"పట్టనీ. లేచి మొహం కడుక్కో."

వాడు ఆ రోజు గదిలో ఉన్నంతసేపు, ఎవరైనా "ఏమిటీ ఆలస్యం?" అని అడిగితే, "పాత మిషన్ కదండీ, నిదానంగా పనిచేస్తుంది" అని సిస్టర్‌గారే జవాబు చెప్పింది. కుర్ర డాక్టరుకు చెప్పి మాత్రలు మళ్లీ రాయించింది మేడమే. శనివారం కూడా డ్యూటీ మానేసి, ఆదివారం గొట్టం ఊది బస్సెక్కాడు. మేనేజరు సణిగాడు గానీ స్టీరింగ్ ఇచ్చాడు.

డాక్టరుగారు తిరిగొచ్చి, బీరువాలో మూట విప్పి చూశారు.

"ఇదేమిటి సిస్టర్‌గారూ?"

"ఎవరో ఇచ్చారండీ. వృద్ధాశ్రమానికి పంపిద్దాం. తొందరపడుతోంది."

డాక్టరుగారు స్టెతస్కోపు తుడవటంలో మునిగిపోయారు.

"ఇన్నేళ్లూ నాకో మాట చెప్పొచ్చు కదండీ?" అంది ఆవిడ.

"చెబితే మీరు నోరు విప్పరని నాకు తెలుసండీ. కానీ మీ మొహం? ఎవరు దేనికొచ్చారో దాని మీద ఎర్రక్షరాలతో బోర్డు కట్టినట్టుంటుంది. ఒక బోర్డును మూతగా మార్చటానికే నా తల ప్రాణం తోకకొచ్చింది."

"మా తమ్ముడి సంగతి..."

"ఏ తమ్ముడండీ? బీపీకని బోలెడంతమంది తమ్ముళ్లొస్తారు" అని ఆయన స్టెతస్కోపు చెవుల్లో పెట్టేసుకున్నారు. ఇక ఏమన్నా వినబడదన్నమాట.

తమ్ముడు ఇప్పటికీ అదే బస్సు నడుపుతున్నాడు. ఆ గేటు ముందు స్టాపులో ఎవరైనా దిగితే అద్దంలోకి చూడటం మానేశాడు. మంగళవారాలు మాత్రం అక్క ఆసుపత్రికి బీపీ చూపించుకోవడానికి వస్తాడు.

వాడికి బీపీ ఏనాడూ లేదు.