చెదరని ఎర్ర గీత

గ్యారేజీ తలుపు పక్కన చెక్క స్తంభం మీద పెన్సిల్ రాతలున్నాయి. తేదీ, మైళ్ళు, ఆయిల్ మార్చాను అన్న మాట. పై వరుసలన్నీ గోర్డన్‌వి. అతను పోయాక రాసినవి అతని భార్య వెర్నావి. అట్టడుగు వరుస ఒక్కటే డెల్మర్ చేతిరాత: జూలై 12, 31,400, ఆయిల్ మార్చాను.

వెర్నాకు అరవై మూడేళ్ళు. ఆష్లాండ్‌లో స్కూల్ బస్సు నడుపుతుంది. బస్సుకు ఎడమ చేత్తో నొక్కే క్లచ్ లేదు కాబట్టి ఇంకా నడపగలుగుతోంది. గోర్డన్ మోటార్‌సైకిల్‌ను మాత్రం నడపలేకపోతోంది. మార్చిలో మంచు మీద జారిపడి ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది, పట్టు రాలేదు. ఊరికే నిలబెడితే బండి పాడవుతుందని వేసవంతా డెల్మర్ చేతికిచ్చింది. గోర్డన్‌తో కలిసి తిరిగినవాడు, అతని శవపేటికకు భుజం పట్టినవాడు. ఇవాళ బండిని పూర్తిగా అతనికే రాసివ్వాలనుకుంది, ఆ మాట అతనికి చెప్పింది కూడా. బండి కాగితం ఆమె చొక్కా జేబులో ఉంది. పెన్నూ ఉంది.

ముందు ఆయిల్ పని. చలికాలానికి బండిని పడుకోబెట్టే ముందు కొత్త ఆయిల్ పోయాలి. మురికి ఆయిల్ ఆరు నెలలు ఇంజిన్‌లో ఉండకూడదు.

డెల్మర్ డోనట్ల పెట్టెతో బండి మీద వచ్చాడు. ఇంజిన్‌ను ఇంకో ఐదు నిమిషాలు నడవనిచ్చి, బాగా వేడెక్కాక ఆపాడు.

"జరగవే డ్రైవరమ్మా, కింద పడుకుని నేను చూస్తా."

"నీ పొట్ట దాని కింద పట్టదు."

"వేసవంతా దీని మీదే తిరిగి తగ్గించా."

"నువ్వు తగ్గావా, దాని స్ప్రింగులు తగ్గాయా?"

అతను పకపకా నవ్వాడు. ఆమె అట్టముక్క పరిచి వెల్లకిలా పడుకుని, టార్చి వేసింది.

ఆయిల్ దించడానికి విప్పే అడుగు బోల్టు మీద ఎర్ర గీత కనిపించింది. బోల్టు తల మీద మొదలై ఇంజిన్ మీదికి వచ్చి ఆగిన గీత. పోయిన అక్టోబర్‌లో తనే గోళ్ళ రంగుతో గీసింది. బస్సు చక్రాల నట్లకు ఇలాంటి గీతలే ఉంటాయి. రోజూ పొద్దున్నే వాటిని చూసుకుని కానీ పిల్లల్ని ఎక్కించుకోదు. నట్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది.

ఈ గీత ఒక్కటిగానే ఉంది. దాని మీద ఏడాది దుమ్ము పేరుకుంది.

ఆమె కింద నుంచే అడిగింది.

"డెల్మర్, జూలైలో ఆయిల్ ఎక్కడ మార్చావు?"

"ఇక్కడే. నువ్వు మీ అక్క దగ్గరికెళ్ళావు చూడు, అప్పుడు. అబ్బ, ఏం ఎండ! చొక్కా పిండుకున్నా."

"పాతది?"

"పాల డబ్బాల్లో పోసి షాపులో ఇచ్చొచ్చా. రెండు డబ్బాలు."

"ఫిల్టరు?"

"కొత్తదే వేశా. ఏంటి, పరీక్ష పెడుతున్నావా?"

ఫిల్టరు మీద మార్కర్‌తో రాసి ఉంది. అక్టోబర్. తన అక్షరాలే.

ఆమె పక్కకు జరిగి, టార్చి అతని చేతికిచ్చింది. "కింద చూడు."

అతను మూలుగుతూ మోకాళ్ళ మీద వంగాడు. "ఏంటిది, గోళ్ళ రంగా?"

"నేను గీసింది. పోయిన అక్టోబర్‌లో. బోల్టు తిప్పితే తెగిపోవాలి."

అతను లేవడానికి చాలాసేపు పట్టింది. మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. ఇంకోసారి దులుపుకున్నాడు.

"పాత ఆయిల్ మీదే ఒక సీసా కొత్తది పోశాను వెర్నా. లెవెల్ సరిగ్గా ఉంది. బండికేం కాలేదుగా?"

"బండి సంగతి అడగట్లేదు. స్తంభం మీద ఎందుకు రాశావు?"

"నువ్వొచ్చి చూస్తావని."

ఆమె చూసింది. జూలైలో ఇంటికి వచ్చి, గోర్డన్ రాతల కింద, తన రాతల కింద ఆ కొత్త వరుస చూసి, సూట్‌కేసు లోపలికి తీసుకెళ్ళకుండా అక్కడే నిలబడిపోయింది. మర్నాడు పట్టు లేని చేత్తోనే పిండి కలిపి, చెర్రీ పండ్లు పెట్టి కాల్చే 'పై' చేసి అతని ఇంటికి పట్టుకెళ్ళింది.

"నా చెర్రీ పై కూడా తిన్నావు," అంది.

"బాగుంది," అన్నాడు అతను. బొటనవేలు నాలుకకు అద్దుకుని, తన వరుస చెరపడానికి స్తంభం వైపు నడిచాడు.

"ముట్టుకోకు."

అతని వేలు గాలిలోనే ఆగింది.

ఆమె మళ్ళీ పడుకుని బోల్టుకు రెంచి తగిలించింది. గీత తెగింది. ఆయిల్ నీళ్ళలా పలచగా, నల్లగా కింద పెట్టిన పళ్ళెంలోకి దూకింది. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడింది. చివరి బొట్టు పడేదాకా ఎదురుచూసి, కొత్త రాగి వాషరుతో బోల్టు బిగించింది. కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో ఆయిల్ రాసి చేత్తోనే తిప్పింది. అలవాటు కొద్దీ డెల్మర్ గరాటు పట్టుకోబోయాడు. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, మణికట్టు వణుకుతున్నా తనే పట్టుకుని పోసింది. కొంత ఇంజిన్ మీద ఒలికింది. తుడిచింది.

ఇంజిన్ ఒక నిమిషం నడిపి ఆపింది. కారడం లేదు. మైళ్ళు చూసింది. స్తంభం దగ్గరికి వెళ్ళి డెల్మర్ వరుస కింద రాసింది: అక్టోబర్ 19, 35,600, ఆయిల్ మార్చాను.

"మరి కాగితం?" అన్నాడు డెల్మర్ మెల్లగా.

"తాళం ఇవ్వు."

అతను జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. రింగు బిగుసుకుపోయింది. గోరుతో విప్పబోతే గోరు జారింది. మామూలుగా అయితే ఆమె రెంచి మొనతో విప్పి ఇచ్చేది. ఇప్పుడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చివరికి తాళం ఊడింది. అతను దాన్ని డోనట్ల పెట్టె పక్కన పెట్టి, హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. అతని ఇల్లు రెండు మైళ్ళు. వచ్చింది ఈ బండి మీదే.

వెర్నా గోళ్ళ రంగు సీసా తెరిచి, మళ్ళీ అట్టముక్క మీద పడుకుంది.